మ్యాపు గీసేవాళ్లను పట్టుకున్న అపోహలు

కొత్తగా జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే) పనిలో చేరిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటావ్?" ఈ మ్యాపు ఎవరి చేతికి వెళ్తుంది, వాళ్లు దాన్ని ఎక్కడ నిలబడి చూస్తారు అని అడిగినవాళ్లు తక్కువ. మొదటి ఐదారేళ్లు నేనూ అడగలేదు. కింద రాసిన అపోహల్లో సగానికి పైగా నేను మోసినవే.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే మ్యాపు వచ్చినట్టే.

వాస్తవం: క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెరిచి షేప్‌ఫైల్ (రోడ్లు, చెరువులు, సరిహద్దుల ఆకారాలు దాచిన ఫైలు) వేస్తే అది తనకు తోచిన రంగు పూసేస్తుంది. చెరువులకు గులాబీ, రోడ్లకు లేత పసుపు. మనం మార్చకపోతే ప్రింటుకూ అలాగే పోతుంది. ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పే లెజెండ్‌లో "రోడ్స్_ఫైనల్_కొత్తది_2" అని లేయర్ (రోడ్లొకటి, చెరువులొకటి, ఇలా ఒక్కో పొర) పేరు ఉన్న మ్యాపును ఫ్రేము కట్టించి గోడకు తగిలించడం కళ్లారా చూశాను. సాఫ్ట్‌వేర్ రెండు నెలల్లో చేతికొస్తుంది. ఏది ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఏది అసలు ఉండకూడదు అన్నది ఏ మెనూలోనూ దొరకదు.

అపోహ: ఎంత ఎక్కువ పెడితే మ్యాపుకు అంత విలువ.

వాస్తవం: లండన్ భూగర్భ రైళ్లకు హ్యారీ బెక్ గీసిన మ్యాపు 1933లో అచ్చయింది. అందులో వీధులు లేవు, దూరాల లెక్క లేదు, లైన్లన్నీ నిలువు, అడ్డం, ఏటవాలు గీతలే. గుర్తుపట్టడానికి థేమ్స్ నది ఒక్కటి ఉంచాడు. రైలెక్కినవాడికి ఏ స్టేషన్లో మారాలో తెలిస్తే చాలు మరి. మన మెట్రో రైళ్లలో తలుపు పైన కనిపించే గీతల మ్యాపూ ఆ కోవలోదే. నేను పాటించే పద్ధతి మోటుగా ఉంటుంది: ఒక్కో లేయర్ ఆపుతూ పోతాను. ఆపినా ప్రశ్నకు జవాబు దొరుకుతోందంటే ఆ లేయర్ అక్కర్లేదు.

అపోహ: ఎరుపంటే ప్రమాదం, పచ్చంటే క్షేమం. ఎవరికైనా అర్థమవుతుంది.

వాస్తవం: ఇది నాకు తగిలిన దెబ్బ. ఒక వానాకాలం గోదావరి ఒడ్డు ఊళ్లకు వరద మ్యాపు చేశాం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడో హెచ్చరిక దాటితే మునిగే ఊళ్లకు ఎరుపు, మునగని వాటికి ఆకుపచ్చ వేశాను. తెర మీద చూడముచ్చటగా ఉంది. ఏ3 కాగితం మీద కలర్ ప్రింటు తీసి పంపాం. అక్కడివాళ్లు దాన్ని జిరాక్స్ తీయించి ఊళ్లకు పంచారు. వారం తర్వాత నేను అటు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి, "ఇందులో మా ఊరు మునిగినట్టా, మునగనట్టా సారూ?" అన్నాడు. నా ఎరుపూ నా పచ్చా రెండూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. నాకే తెలియలేదు, ఆయనకేం తెలుస్తుంది?

జిరాక్స్ మిషన్‌కు రంగు తెలియదు, ముదురూ లేతా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లు పుట్టుకతోనే ఉన్నవాళ్లూ ఉంటారు, మగవాళ్లలో ఎక్కువ. అందుకని ఎక్కువ, తక్కువ చూపాలంటే ఒకే రంగు లేత నుంచి ముదురుకు పోవాలి. ఎలా ఎంచుకోవాలో తెలియకపోతే సింథియా బ్రూయర్ తయారుచేసిన కలర్‌బ్రూయర్ అనే వెబ్‌సైట్‌లో రంగుల వరసలు సిద్ధంగా ఉన్నాయి. జిరాక్స్‌కు తట్టుకునేవి ఏవో కూడా అదే చెబుతుంది. ఇప్పుడు ఏ మ్యాపు చేసినా ముందు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీసి చూసుకుంటాను. మునిగే ఊళ్ల మీద ఏటవాలు గీతలు కూడా కొడతాను.

అదే మ్యాపులో ఇంకో తప్పు ఉందని తర్వాతెప్పుడో తెలిసొచ్చింది. "53 అడుగుల పైన" అని ఒక్క తరగతి పెట్టి ఊరుకున్నాను. 1986లో అక్కడ 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 దాటింది. 54 అడుగులకు మునిగే ఊరూ, 70 అడుగులకు మునిగే ఊరూ నా మ్యాపులో ఒకటే.

అపోహ: ఏ అంకెలైనా జిల్లాలకు రంగులేసి చూపించొచ్చు.

వాస్తవం: హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, భద్రాద్రి కొత్తగూడెం దాదాపు 7,480. 2011 లెక్కల్లో తెలంగాణ జనంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరు హైదరాబాద్ జిల్లావాళ్లే. ఏ4 కాగితం మీద రాష్ట్రం గీస్తే ఆ జిల్లా కందిగింజంత. అంతమందీ ఆ గింజలో ఇమిడిపోతారు, కంటికి మాత్రం అడవుల జిల్లాలే కనిపిస్తాయి. పైగా కేసుల సంఖ్యో, బడుల సంఖ్యో ఉన్నదున్నట్టు వేస్తే వచ్చేది జనాభా మ్యాపే. జనం ఎక్కువున్న చోట అన్నీ ఎక్కువే ఉంటాయి కదా. మొత్తం సంఖ్య చూపాలంటే జిల్లా మధ్యలో చిన్నా పెద్దా వృత్తాలు వేయండి. జిల్లాకు రంగు పూయాలంటే లక్ష మందికి ఇన్ని అన్న లెక్క తీయండి.

అపోహ: ఇంగ్లిషు మ్యాపులో పేర్లు మార్చేస్తే తెలుగు మ్యాపు.

వాస్తవం: ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ సంగతి మనకు పుస్తకాల్లో దొరకదు. ఇంగ్లిషులో రాష్ట్రానికి పెద్దబడి అక్షరాలు, నదికి వాలు అక్షరాలు, ఊరికి మామూలువి. తెలుగుకు పెద్దబడి, చిన్నబడి లేవు. వాలు అక్షరాలూ నిజానికి లేవు, నిలువు అక్షరాన్ని పక్కకు తోస్తే గాలికి ఒరిగిన చేనులా ఉంటుంది. మనకు మిగిలేవి పరిమాణం, మందం, రంగు, ఫాంటు మార్పు. నేను నదులకు నీలం, కొండలకు గోధుమరంగు, జిల్లాలకు పెద్ద బూడిదరంగు, ఊళ్లకు నలుపు వాడతాను. ఫాంట్లు రెండే, మూడోది పెడితే పెళ్లి శుభలేఖ అవుతుంది.

ఇక నది వెంట పేరును వంచి రాయడం. "కృష్ణా" మనకు రెండక్షరాలు. యంత్రం దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: క, దాని సుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. కొన్ని సాఫ్ట్‌వేర్లు వంపు తిప్పేటప్పుడు ఆ ఆరింటినీ విడగొట్టి, ఒత్తు ఒకచోట, దీర్ఘం ఇంకోచోట చుక్కల వృత్తాల మీద పారేస్తాయి. అక్షరాల మధ్య ఎడం పెంచినా అంతే. అలాంటప్పుడు నేను అక్షరం అక్షరం విడి లేబుల్‌గా పెట్టి చేత్తో తిప్పుతాను. విసుగు పనే, కానీ నది పేరు నదిలా కనబడుతుంది.

ఒత్తుల సంగతి వేరే. ఊరి చుక్కకు సరిగ్గా పైన "పుట్టపర్తి" అని రాస్తే ట వత్తు వచ్చి చుక్క మీద కూర్చుంటుంది. కుడివైపు కాస్త పైకి జరపండి. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల పేర్లు సముద్రం మీదికి నెట్టండి, ఖాళీ అక్కడే ఉంటుంది. అక్షరాల చుట్టూ తెల్ల అంచు ఎక్కువైతే తలకట్లు మూసుకుపోతాయి. ఇంగ్లిషు 6 పాయింట్లలో చదవగలిగితే తెలుగుకు కనీసం 8 కావాలని నా అనుభవం, లేకపోతే ద, ధ, థ ఒకటైపోతాయి. ఇంతా చేశాక "జోగులాంబ గద్వాల" జిల్లాలో పట్టదు. గద్వాలను కింది వరసలోకి దించాల్సిందే. "రాజన్న సిరిసిల్ల"కూ అదే గతి.

అపోహ: ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతి) అనేది ప్రపంచ పటాలు గీసేవాళ్ల తలనొప్పి.

వాస్తవం: ప్రపంచ పటంలో చిన్న గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడే కథ అందరూ చెబుతారు. మనకు తగిలేది ఇది. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు హైదరాబాద్ పక్కన ఒక చెరువు కొలిచి, "అన్నా, రికార్డులో వంద ఎకరాలుంటే నాకు నూట పది వస్తోంది" అన్నాడు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు పెరగడం ఏంట్రా, చూద్దాం పద అన్నాను. చూస్తే వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో ఉంది, ఆన్‌లైన్ మ్యాపులు వాడేది, సాఫ్ట్‌వేర్లో దాని కోడ్ 3857. ఈ అక్షాంశం దగ్గర అందులో పొడవు దాదాపు 5 శాతం, విస్తీర్ణం దాదాపు 10 శాతం ఉబ్బుతాయి. చూడటానికి అది చాలు, కొలవడానికి పనికిరాదు. కొలతలకు పనికొచ్చే యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో 44వ జోన్‌కు మార్చి కొలిస్తే చెరువు రికార్డు దారికి వచ్చింది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న జహీరాబాద్, అనంతపురం మాత్రం 43వ జోన్‌లోకి వస్తాయి.

అపోహ: ఎండ మనకు దక్షిణం నుంచే పడుతుంది, కొండల నీడ కూడా అలాగే వేయాలి.

వాస్తవం: వేసి చూడండి, శ్రీశైలం దగ్గర కృష్ణ లోయ గట్టులా పైకి లేస్తుంది. వెలుగు పై ఎడమ మూల నుంచి వస్తుందనే మన కన్ను అనుకుంటుంది. వాయవ్యం నుంచి వేయండి.

అపోహ: ఉత్తర దిక్కు బాణం, స్కేలు లేకపోతే అది మ్యాపే కాదు.

వాస్తవం: రాష్ట్రం మ్యాపులో ఉత్తరం ఎటో ఎవరూ అడగరు. గ్రామ నక్షాలో బాణం తప్పనిసరి, పొలంలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతారు కాబట్టి. స్కేలు మాత్రం గీతగా వేయండి. "1:50,000" అని అంకెల్లో రాసిన మ్యాపు వాట్సాప్‌లో పోయి ఫోన్ తెరంత అయ్యాక ఆ అంకె అబద్ధం. గీత అయితే మ్యాపుతో పాటే కుదించుకుంటుంది.

అపోహ: షేప్‌ఫైల్ దొరికిందంటే సరిహద్దులు సరైనవే.

వాస్తవం: ఏ తేదీనాటివో అడగండి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన పోలవరం ముంపు మండలాలు ఏడూ ఇంకా ఖమ్మంలోనే ఉన్న ఫైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. దేశ సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా అచ్చువేస్తే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల దాకా జైలు. ఇక యానాం. పుదుచ్చేరిది, గోదావరి పాయ పక్కన చిన్న ముక్క. జిల్లాలన్నీ కలిపి రాష్ట్రం గీత ఒక్కటి తీసేటప్పుడు, లోపలి రంధ్రాలు పూడ్చే బటన్ నొక్కితే అది మాయమవుతుంది. రెండుసార్లు నొక్కాను. రెండోసారి ప్రూఫులో యానాం వాడే పట్టుకున్నాడు.