ఫ్రీ యాంటీవైరస్ వెతికే ముందు, ఉన్నది మేల్కొని ఉందో లేదో చూడండి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో పార్టులు ఏరుకుని పీసీ బిగించుకున్నా, మారతహళ్లిలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నా, ఇంటికి తెచ్చాక మనవాళ్లు అడిగేది ఒకటే: ఫ్రీ యాంటీవైరస్‌లలో ఏది వేసుకోవాలి? విండోస్ వాడేవాళ్లకు జవాబు ఆ మెషీన్‌లోనే ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తో పాటే వస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, రెన్యూవల్ గొడవ లేదు. ఇంటి అవసరాలకు అది చాలు. అయితే చాలా ఇళ్లలో దాన్ని ఎవరో నిద్రపుచ్చి ఉంటారు.

ఆ పని ఎక్కువగా చేసేది యాక్టివేటర్. లైసెన్స్ డబ్బు మిగులుతుందని దొంగ విండోస్ వేయించుకుంటే, దాన్ని అసలుదిగా చూపించడానికి వాడే చిన్న ప్రోగ్రామ్ ఇది. డిఫెండర్ దీన్ని చూడగానే పట్టేస్తుంది కాబట్టి, ముందు డిఫెండర్‌ను ఆపేస్తారు. పని అయ్యాక ఆన్ చేసినా, సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో పెట్టి వదిలేస్తారు. ఆ జాబితాలో ఉన్న ఫోల్డర్ల జోలికి డిఫెండర్ వెళ్లదు. పచ్చ టిక్కు మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తుంది. ఇంటాయన అంతా బాగుందనే అనుకుంటాడు.

కాబట్టి మొదట చెయ్యాల్సింది ఇది. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. మూడోది, వేరే ప్రోగ్రాములు డిఫెండర్‌ను ఆపెయ్యకుండా అడ్డుకుంటుంది. అదే పేజీలో కిందికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ కనిపిస్తుంది. మీరు పెట్టనిది ఏదున్నా తీసెయ్యండి. ఆ తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. మెషీన్ రీస్టార్టయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి దొరికే అవకాశం ఎక్కువ. పావుగంట పడుతుంది, తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి.

ఆ స్విచ్‌లు కదలకుండా, సెట్టింగ్ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉందన్న మాట కనిపిస్తే? ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో అది మామూలే, ముట్టుకోకండి. సొంత పీసీలో మాత్రం అది ఉండకూడదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎవరో వేలు పెట్టారన్నమాట. అలాంటప్పుడు ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని, విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. అతుకులు వెయ్యడం దండగ.

కొత్త ల్యాప్‌టాప్‌లది వేరే సమస్య. కంపెనీ ముందే వేసిచ్చిన యాంటీవైరస్ ట్రయల్ నడుస్తున్నంతకాలం డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. గడువు ముగిశాక ఆ ట్రయల్‌కు కొత్త వైరస్‌ల సమాచారం అందదు. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి, డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది.

రెండు ఉంటే ఇంకా మంచిది కదా అంటారు. కాదు. మీరు ఫైల్ తెరవబోతే, తెరుచుకునేలోపే యాంటీవైరస్ దాన్ని ఆపి చదువుతుంది. రెండుంటే, మొదటిది చదవబోతుండగా రెండోది దాన్నీ ఆపుతుంది. మెషీన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. అనుమానం వచ్చినప్పుడు అడిగి స్కాన్ చేయించుకునే రకం మాత్రం పక్కన ఉండొచ్చు. మాల్వేర్‌బైట్స్ ఫ్రీ అలాంటిదే. భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా 2017 నుంచి ఉచిత టూల్స్ ఇస్తోంది.

డిఫెండర్‌కూ లోపాలున్నాయి. ఇంటర్నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. మోసపు సైట్లను ఆపే స్మార్ట్‌స్క్రీన్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే ఉంటుంది, క్రోమ్‌లో గూగుల్ వాళ్ల సేఫ్ బ్రౌజింగ్ మీద ఆధారపడాలి. వేరేది కావాలనిపిస్తే బిట్‌డిఫెండర్ ఫ్రీ బాగానే పనిచేస్తుంది. అవాస్ట్, ఏవీజీ పేర్లు రెండైనా, 2016 నుంచి యజమాని ఒకరే. ఆ అవాస్ట్, తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే తన సంస్థ ద్వారా అమ్మింది. 2020లో జంప్‌షాట్‌ను మూసేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఫ్రీ అనగానే, వీళ్లకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందని అడిగి తీరాలి. పట్టే సామర్థ్యం తెలుసుకోవాలంటే యాంటీవైరస్‌లను పరీక్షించే సంస్థలైన జర్మనీలోని ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ కంపారేటివ్స్ ఫలితాలు చూడండి.

ఏది వేసుకున్నా విండోస్ అప్‌డేట్లు ఆపకండి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా తాళం వేసేసింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మెషీన్ ఒప్పుకుంటే 11కు మారండి.

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించిన పెన్‌డ్రైవ్‌లో మీ ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా కనిపిస్తే డబుల్ క్లిక్ చెయ్యకండి. నొక్కితే ఫోల్డర్‌తో పాటు వైరస్ కూడా నడుస్తుంది. ముందు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చెయ్యండి. ఫైళ్లు చాలావరకు పోవు, దాచిపెట్టి ఉంటాయంతే.

చివరగా ఒక పరీక్ష. ఐకార్ అనే సంస్థ తన సైట్‌లో 68 అక్షరాల చిన్న ఫైల్ ఇస్తుంది. దానివల్ల ఏ హానీ లేదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే పట్టుకోవాలని ఒప్పందం. డౌన్‌లోడ్ చెయ్యండి. దిగుతుండగానే మాయమై హెచ్చరిక వస్తే కాపలా మెలకువగా ఉన్నట్టే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే కూర్చుని ఉంటే, మళ్లీ ఎక్స్‌క్లూజన్స్ తెరవండి.