వాతావరణ విధానం: తగువంతా బిల్లు దగ్గరే

2025 మార్చి 14న మార్క్ కార్నీ కెనడా ప్రధానిగా ప్రమాణం చేశారు. అంతకుముందు ఆయన వాతావరణ నిధుల వ్యవహారంలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా పనిచేశారు. అలాంటి మనిషి పదవి చేపట్టిన రోజే కెమెరాల ముందు సంతకం పెట్టింది దేనికంటే, మామూలు జనం పెట్రోలు మీద, ఇంటికి వచ్చే గ్యాసు మీద కట్టే కర్బన పన్నును సున్నా చెయ్యడానికి. ఏప్రిల్ 1 నుంచి ఆ పన్ను పోయింది. ఆ నెలాఖరున జరిగిన ఎన్నికల్లో ఆయన పార్టీ గెలిచింది.

ఆ రోజుకి సైన్సులో ఏ మార్పూ రాలేదు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల అణువులకు దాదాపు 315 కార్బన్ డయాక్సైడ్ అణువులు ఉండేవి. ఇప్పుడు ఆ లెక్క 420 దాటింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వాంటే అర్హీనియస్ 1896లోనే కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ మధ్య జరుగుతున్న వాదనగా చూస్తే కెనడాలో జరిగింది అర్థం కాదు. అక్కడ గొడవంతా బిల్లు గురించి: ఎవరు కట్టాలి, ఎప్పుడు కట్టాలి, కట్టినట్టు ఎంత స్పష్టంగా కనపడాలి.

ఆ పన్ను ఎలా నడిచిందో కాస్త దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది. 2019లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి 20 కెనడా డాలర్లతో మొదలై 2024కి 80 డాలర్లయింది. లీటరు పెట్రోలు మీద అది 17 సెంట్ల పైచిలుకు. వసూలైన దాంట్లో దాదాపు 90 శాతం తిరిగి కుటుంబాలకే ఇచ్చేశారు. 2024లో ఒంటారియోలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 1,120 డాలర్లు. కారు తక్కువ తిప్పేవాళ్ళకి, చిన్న ఇంట్లో ఉండేవాళ్ళకి కట్టినదానికంటే వచ్చిందే ఎక్కువ. ఆర్థికవేత్తలకు ఇంతకంటే ముచ్చటైన ఏర్పాటు ఉండదు. కాలుష్యానికి ధర కట్టారు, పేదవాడి జేబు కాపాడారు.

అయితే పెట్రోలు బంకు దగ్గర ధర పెద్దపెద్ద అంకెల్లో రోజూ కనపడుతుంది. తిరిగి వచ్చే డబ్బు మొదట్లో ఏడాదికోసారి ఆదాయపన్ను రిటర్నులో ఒక వరుసగా వచ్చేది. 2022 నుంచి మూణ్ణెల్లకోసారి బ్యాంకు ఖాతాలో పడింది. అది ఎందుకు పడిందో చాలామందికి తెలియలేదు. 2024లో పేరు మార్చి, కర్బన పన్ను వాపసు అని అర్థమయ్యేలా చెప్పేసరికి ఆలస్యమైపోయింది. స్విట్జర్లాండ్ కథ ఇంకా విడ్డూరం. అక్కడ కర్బన రుసుములో జనం వాటాను ఆరోగ్య బీమా ప్రీమియంలో కోత వేసి తిరిగిస్తారు. పరిశోధకులు అడిగి చూస్తే, ఆ సంగతి ఎక్కువమందికి తెలియనే తెలియదు.

కెనడా ప్రతిపక్ష నాయకుడు పియరీ పోలియెవ్ ఈ పన్నును కొట్టేస్తానంటూ 'యాక్స్ ద ట్యాక్స్' అని దేశమంతా తిరిగాడు. నినాదం ఆయన సొంతమేమీ కాదు. పదేళ్ళ ముందు ఆస్ట్రేలియాలో టోనీ అబట్ అదే మాట మీద ఎన్నికల్లో గెలిచాడు. అక్కడ 2012 జులైలో టన్నుకి 23 ఆస్ట్రేలియా డాలర్లతో మొదలైన కర్బన ధరను 2014 జులైలో రద్దు చేశారు. రెండేళ్ళు నిండాయో లేదో అన్నట్టు. మూడు మాటల నినాదానికి జవాబుగా మూడు పేజీల వివరణ పట్టుకెళ్ళినవాడు ఎన్నికల్లో గెలవడం కష్టం.

ఫ్రాన్స్‌లో సంగతి ఇంకోలా నడిచింది. కార్లో ప్రమాదం జరిగితే వేసుకోవడానికి పసుపుపచ్చ చొక్కా ఒకటి పెట్టుకోవాలని అక్కడ 2008 నుంచి చట్టం. అంటే 2018 నవంబరులో ఇంధన పన్ను పెంపు మీద తిరగబడ్డ ప్రతి డ్రైవరు దగ్గరా ఉద్యమం యూనిఫారం అప్పటికే సిద్ధంగా ఉంది. టన్నుకి 44.60 యూరోలున్న పన్ను 2019 జనవరిలో 55 అవ్వాలి. బస్సు లేని చిన్న ఊళ్ళ నుంచి రోజూ డీజిల్ కారులో పనికి వెళ్ళేవాళ్ళకి అది నేరుగా దెబ్బ. అదే ఏడాది ఆస్తిపరుల మీద ఉన్న సంపద పన్నును ప్రభుత్వం చాలావరకు ఎత్తేసింది. విమాన ఇంధనం మీద పన్ను లేదు. వీధుల్లోకి వచ్చినవాళ్ళని వాతావరణం పట్టని మనుషులని తిట్టడం సులువు గానీ, నాకు మాత్రం వాళ్ళ లెక్కలో తప్పేమీ కనపడలేదు.  అనుకున్న పెంపు డిసెంబరులో ఆగిపోయింది, అప్పటికి జనం రోడ్ల మీదికి వచ్చి మూడు వారాలు కావొచ్చింది.

జనానికి సైన్సు సరిగ్గా చెబితే గొడవ సర్దుకుంటుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. డాన్ కహాన్ బృందం 2012లో అమెరికన్ల మీద ప్రచురించిన అధ్యయనం ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది. సైన్సు, లెక్కలు బాగా తెలిసినవాళ్ళలో అభిప్రాయ భేదం తగ్గకపోగా ఎక్కువైంది. తెలివి పెరిగేకొద్దీ మనిషి తన వర్గం మాటను ఇంకా గట్టిగా సమర్థించుకోగలుగుతాడు, అంతే.

పైగా సైన్సు ఒక్కటే తేల్చలేని ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి. వందేళ్ళ తర్వాత జరగబోయే 100 డాలర్ల నష్టానికి ఇవాళ ఎంత విలువ కట్టాలి? భవిష్యత్తు విలువను ఏటా ఎంత శాతం తగ్గించి చూస్తామో దాన్ని డిస్కౌంట్ రేటంటారు. అది 1.4 శాతం వేస్తే సుమారు 25 డాలర్లు. 4.5 శాతం వేస్తే డాలరు మీద కొద్దిగా. మొదటిది 2006లో ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక వాడిన రేటు. తర్వాత నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హాస్ ఆ నివేదికను విమర్శించింది ఈ రేటు మరీ తక్కువనే. ఇద్దరూ భూతాపాన్ని ఒప్పుకున్నవాళ్ళే. తేడా అంతా ఇంకా పుట్టని మనుషులకు మనం ఎంత బాకీ అన్న దగ్గర. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల కలిగే నష్టం ఒబామా హయాం చివర్లో 40 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ట్రంప్ మొదటి విడతలో 1 నుంచి 7 డాలర్లకు దిగింది. 2023లో బైడెన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ దాన్ని 190 చేసింది. మధ్యలో నష్టాల అంచనాలు కొంత మారిన మాట నిజమే. కానీ ఇంత ఊగడానికి ప్రధాన కారణాలు డిస్కౌంట్ రేటు, అమెరికా బయట జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం. ఇవి ఓటరు తేల్చాల్సిన విషయాలు. వీటికి శాస్త్రవేత్తల ముద్ర వేసి వాదన ముగిసిందంటే జనానికి ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా.

ఈ గొడవ మొదట్నుంచీ పార్టీల గొడవ కాదు. క్యోటో ఒప్పందానికి కొద్ది నెలల ముందు, 1997 జులైలో, వర్ధమాన దేశాలకు బాధ్యత లేని ఒప్పందం మాకు వద్దని అమెరికా సెనేట్ 95-0తో తీర్మానించింది. రెండు పార్టీలూ ఒక్కటయ్యాయి, అదీ బిల్లు దగ్గరే. బ్రిటన్‌లో ఇందుకు తలకిందులు. 2008లో వాతావరణ చట్టం వచ్చినప్పుడు పార్లమెంటులో వ్యతిరేకించినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2025 అక్టోబరులో అదే చట్టాన్ని రద్దు చేస్తామని కన్సర్వేటివ్ నాయకురాలు కెమీ బేడెనాక్ ప్రకటించారు. 1989లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళి భూతాపం గురించి హెచ్చరించిన మార్గరెట్ థాచర్ కూడా ఆ పార్టీ నాయకురాలే.

మరి జనం ఏమంటున్నారు? 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగిన అధ్యయనం 2024లో వెలువడింది. తమ ఆదాయంలో 1 శాతం వాతావరణం కోసం ఇస్తామన్నవాళ్ళు 69 శాతం. మీ దేశంలో మిగతావాళ్ళలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారంటే సగటున 43 శాతమే అన్నారు. ఎవరికి వారే తాము తక్కువమందిమి అనుకుంటున్నారన్నమాట. రాజకీయ నాయకులదీ ఇదే అంచనా అయ్యుంటే వాళ్ళు వెనకాడటంలో ఆశ్చర్యం లేదు. అలాగని ఈ 69ని పట్టుకుని సంబరపడటానికీ లేదు. సర్వేలో అడిగే 1 శాతానికి రసీదు ఉండదు.

ఏది నిలబడుతుంది, ఏది కూలుతుంది అన్నది తెలియాలంటే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రాన్ని చూడాలి. 2016లో అక్కడి ఓటర్లు కర్బన పన్నును తిరస్కరించారు. 2018లో కొంచెం మార్చి ఇంకోటి తెస్తే దాన్నీ తిరస్కరించారు. ఆ తర్వాత ప్రభుత్వం ఓటర్లను అడగకుండా చట్టసభ ద్వారానే, ఉద్గారాలకు పరిమితి పెట్టి కంపెనీలకు పర్మిట్లు వేలం వేసే పద్ధతి తెచ్చింది. 2023లో అది అమల్లోకి వచ్చింది. ఆ డబ్బు బస్సులకీ ఓడలకీ, ఇళ్ళ కరెంటు బిల్లుల్లో తగ్గింపులకీ వెళ్ళింది. 2024 నవంబరులో దాన్ని రద్దు చెయ్యాలని ఓటింగ్ పెడితే దాదాపు 62 శాతం రద్దు వద్దన్నారు. పెట్రోలు ధర పెరుగుతుందన్న ప్రచారం అప్పుడూ జోరుగానే సాగింది. రెండుసార్లు రానివ్వని ఓటర్లు, వచ్చాక పోనివ్వలేదు. రద్దయితే ఏం పోతుందో అప్పటికి కంటికి కనపడుతోంది మరి.

టెక్సాస్‌దీ ఇలాంటి కథే. వాతావరణం పేరెత్తితే చిరాకుపడే రాజకీయం అక్కడిది. అయినా అమెరికాలో గాలిమరల కరెంటు ఎక్కువగా పుట్టేది అక్కడే. రైతులకు మర పెట్టుకున్నందుకు అద్దె వస్తుంది, స్కూళ్ళకు ఆస్తి పన్ను వస్తుంది. 2025లో సౌర, పవన విద్యుత్తును కట్టడి చేసే బిల్లులు కొన్ని రాష్ట్ర సెనేట్ దాటినా దిగువ సభలో ఆగిపోయాయి. లబ్ధిదారులు ఉన్నంత మాత్రాన ప్రతిదీ బతుకుతుందని కాదు. 2022లో బైడెన్ తెచ్చిన రాయితీల చట్టం వల్ల పెట్టుబడుల్లో పెద్ద వాటా రిపబ్లికన్ నియోజకవర్గాలకే వెళ్ళింది. అయినా 2025 జులైలో ఆ పార్టీయే దాన్ని చాలావరకు కత్తిరించింది. ఎలక్ట్రిక్ కారు కొంటే ఇచ్చే 7,500 డాలర్ల రాయితీ సెప్టెంబరు 30తో ముగిసింది. కట్టడం పూర్తికాని ఫ్యాక్టరీకి ఓటర్లు ఇంకా పుట్టలేదు.

అందుకే ఆర్థికవేత్తలతో నాకు పేచీ. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉద్గారాలు తగ్గించేది కర్బన పన్నేనని వాళ్ళు చెప్పేది కాగితం మీద సరైనదే. రాయితీలు, ప్రమాణాలు, నిబంధనల ద్వారా చేస్తే టన్నుకయ్యే ఖర్చు పెరుగుతుంది, అదీ కనపడకుండా పెరుగుతుంది. కానీ రెండేళ్ళలో రద్దయ్యే చవక విధానం కంటే ఇరవై ఏళ్ళు నిలిచే ఖరీదైనది నయం. సౌర ఫలకాల ధర 2010 తర్వాతి పదేళ్ళలో 90 శాతం దాకా పడిపోయింది. అందుకు జర్మనీ ఇచ్చిన రాయితీలు, చైనా కట్టిన ఫ్యాక్టరీలు కారణం. ఆ రోజుల్లో జర్మనీ చేసిన ఖర్చును దండగన్నవాళ్ళు తక్కువేమీ కాదు. స్వీడన్ 1991లో మొదలుపెట్టిన కర్బన పన్ను ఇప్పుడు టన్నుకి 100 డాలర్లు దాటినా నిలిచే ఉంది. అయితే అక్కడ దాన్ని ఆదాయపన్ను కోతతో కలిపి తెచ్చారు, పరిశ్రమలకు మొదట్లో మినహాయింపులిచ్చారు, చాలా ఇళ్ళకు పెట్రోలియం బదులు ఊరుమ్మడి వేడినీటి గొట్టాలు అందుబాటులో ఉన్నాయి.

తర్వాతి పరీక్ష యూరప్‌ది. కార్ల ఇంధనానికీ ఇళ్ళ వేడికీ కర్బన ధర కట్టే కొత్త పద్ధతి 2027లో మొదలవ్వాలని మొదట చట్టంలో రాసుకున్నారు. పోలండ్ లాంటి దేశాలు వాయిదా కోసం గట్టిగా పట్టుబట్టాయి. పసుపు చొక్కాల గొడవ చూసినవాళ్ళు కాబట్టి ఈసారి ఒక సామాజిక వాతావరణ నిధి కూడా పెట్టారు. 2026 నుంచి 2032 వరకు 8,670 కోట్ల యూరోల దాకా సమకూర్చాలని లెక్క. అది ధర కంటే ముందే మొదలయ్యేలా ఏర్పాటు చేశారు. వేడి తక్కువ పోయే గోడలు, కరెంటుతో ఇంటిని వేడిచేసే హీట్ పంపులు, బస్సులు బీద ఇళ్ళకు బిల్లుకంటే ముందు చేరాలన్నది ఉద్దేశం. ప్రతి దేశమూ తన ప్రణాళిక రాసి బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్‌కి పంపాలి. 2025 జూన్ గడువుకి చాలా దేశాలు పంపనే లేదు.