మెర్రి క్రీక్ గట్టు మీద గ్లౌజులు వేసుకున్నవాళ్లు ఎవరు?

మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలో సెలవు రోజు పొద్దున్నే మెర్రి క్రీక్ గట్టు మీద కలుపు పీకుతూ, మొక్కలు నాటుతూ కొందరు కనిపిస్తారు. కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, సిబ్బంది అనుకుని దాటిపోతాం. వాళ్లలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. జీతం ఏమీ లేదు. ఒక వాగును ఇలా జనం చేతుల్లోకి తీసుకోవాల్సి రావడం వెనక చాలా కథ ఉంది.

ఈ ప్రాంతపు ఆదివాసులైన వురుండ్జెరి ప్రజల భాషలో 'మెర్రి మెర్రి' అంటే రాళ్లమయం. గ్రేట్ డివైడింగ్ రేంజ్ వైపు వాలన్ దగ్గర పుట్టి, దక్షిణంగా పారి, డైట్స్ ఫాల్స్ దగ్గర యారా నదిలో కలుస్తుంది. 1835 జూన్‌లో జాన్ బ్యాట్‌మన్ అనే తెల్ల వలసవాది దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు ఇచ్చి వురుండ్జెరి పెద్దలతో భూమి ఒప్పందం రాయించుకున్నది ఈ వాగు ఒడ్డునే అని చాలామంది అంచనా. సరిగ్గా ఎక్కడన్నది మాత్రం ఇంకా తేలలేదు. మూడు నెలలు తిరక్కుండానే గవర్నర్ రిచర్డ్ బర్క్ ఆ కాగితం చెల్లదన్నాడు. భూమి బ్రిటిష్ రాజుదట, వురుండ్జెరి వాళ్లకు అమ్మే హక్కే లేదట!

తర్వాత అందరి కన్నూ రాయి మీద పడింది. పాత లావా గడ్డకట్టిన నల్లరాయి అది, అక్కడివాళ్లు బ్లూస్టోన్ అంటారు. మెల్‌బోర్న్ సందులకు పరిచిందీ, పెంట్రిడ్జ్ జైలు గోడలకు పేర్చిందీ ఆ రాయే. తవ్వగా మిగిలిన గోతుల్లో ఊరి చెత్త పోశారు. తోళ్లు శుభ్రం చేసే కార్ఖానాలు తమ మురుగును వాగులోకే వదిలాయి. ఇళ్లవాళ్లు కూడా వాగుకు వీపు పెట్టి పెరటి కంచెలు కట్టుకున్నారు. మనుషులు చూడని చోట ఏం పారేసినా అడిగేవాళ్లుండరు కదా.

1969 నాటి రవాణా ప్రణాళికలో ఈ లోయ పొడవునా ఒక ఫ్రీవే గీశారు. ఇంజనీరు కంటికి అది ఖాళీ స్థలం, ఇళ్లు కూల్చే బెడద తక్కువ. జనం గట్టిగా ఎదురు తిరిగాక 1973లో విక్టోరియా రాష్ట్రంలోని (మెల్‌బోర్న్ ఉన్నది అందులోనే) రూపర్ట్ హ్యామర్ ప్రభుత్వం నగరం లోపలి ఫ్రీవేల్లో చాలావాటిని పక్కన పెట్టింది. మెర్రి వెంట నగరంలోపలి ముక్క రానే లేదు. ఈ రోజు వాలంటీర్లకు మొక్కలు నాటడానికి ఇంత జాగా మిగిలిందంటే కారణం ఆ రద్దే అని నా లెక్క.

రోడ్డు రాలేదు సరే, వాగు ఎవరిది? ఒక గట్టు ఒక కౌన్సిల్‌ది, అవతలి గట్టు ఇంకో కౌన్సిల్‌ది. నీళ్లూ వరదా మరో సంస్థ కిందికి వస్తాయి. పైన పడిన చెత్త కింద తేలుతుంది, కింది కౌన్సిల్ పైవాళ్లను తిడుతుంది. ఈ చిక్కు విప్పడానికే 1976లో కౌన్సిళ్లు, స్థానిక బృందాలు కలిసి ఒక సమన్వయ కమిటీ పెట్టుకున్నాయి. 1989లో అది మెర్రి క్రీక్ మేనేజ్‌మెంట్ కమిటీ అయింది. కౌన్సిళ్లతో పాటు ఫ్రెండ్స్ ఆఫ్ మెర్రి క్రీక్ అనే వాలంటీర్ల సంఘం కూడా అందులో కూర్చుంటుంది. వాలంటీర్లు పని చేసి పోయే కూలీలుగా మిగలకుండా నిర్ణయాల దగ్గర కూడా ఉండటం ఇక్కడ అసలు విశేషం. ఈలోగా 1982లో బ్రన్స్‌విక్ ఈస్ట్‌లో, ఒకప్పుడు రాళ్ల క్వారీగా, ఆ తర్వాత చెత్త గుంతగా ఉన్న చోటే సెరెస్ అనే పర్యావరణ కేంద్రం మొదలైంది.

గట్టు వెంట నడక దారి పడ్డాక కథ మారింది. అంతవరకూ కంచె అవతల ఏముందో ఎరగనివాళ్లు రోజూ దాని పక్కనే నడవడం, సైకిల్ తొక్కడం మొదలుపెట్టారు. చూశాక ఊరుకోలేరు. అయితే దారి వల్ల చేటు కూడా ఉంది. గట్టి దారి మీద పడ్డ వాన ఇంకకుండా జారిపోతుంది. బూట్లకూ చక్రాలకూ అంటుకుని కలుపు విత్తనాలు ప్రయాణం చేస్తాయి. అందుకే వాలంటీర్లకు దారి అంచుల్లో పని ఎప్పటికీ తీరదు.

ఈ కలుపు పనికి సొంత సంప్రదాయం ఉంది. 1960ల్లో సిడ్నీలోని మోస్‌మన్‌లో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు ఒక సంగతి గమనించారు. కలుపు దట్టంగా ఉన్న చోట నేలంతా చదును చేస్తే తిరిగి కలుపే ముందుగా వస్తోంది. అందుకని అడవి బాగున్న వైపు నుంచి మొదలుపెట్టి, మట్టిని పెద్దగా కదపకుండా, స్థానిక మొక్కలు పుంజుకునే వేగాన్ని బట్టి పాడైన వైపు కొంచెం కొంచెంగా జరగాలన్నారు. ఓపిక కావాల్సిన పద్ధతి. మెర్రి గట్ల మీద అది ప్రతిచోటా పనికిరాదు. చెత్త నింపిన మట్టిలో స్థానిక విత్తనమే ఉండదు, అక్కడ నారు పెంచి నాటక తప్పదు.

పల్లెల్లో ఇదే పనికి ల్యాండ్‌కేర్ అనే పేరు 1986లో వచ్చింది. అప్పటి విక్టోరియా మంత్రి జోన్ కర్నర్, రైతు సమాఖ్య అధ్యక్షురాలు హెదర్ మిచెల్ కలిసి సెయింట్ ఆర్నాడ్ సమీపంలో దాన్ని మొదలుపెట్టారు. రైతులూ పర్యావరణవాదులూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం అప్పట్లో వింతే. 1989 జులైలో ప్రధాని బాబ్ హాక్, డార్లింగ్ నది ముర్రేలో కలిసే వెంట్‌వర్త్ దగ్గర నిలబడి దాన్ని దేశమంతటి కార్యక్రమంగా ప్రకటించాడు.

మొత్తం పరీవాహక ప్రాంతాన్ని ఒక్కటిగా చూడాలని ఎందుకంటారో విల్లో చెట్టు చెబుతుంది. గట్లు కోసుకుపోకుండా అని ఐరోపా నుంచి తెచ్చి నాటారు. ఆ జాతుల్లో క్రాక్ విల్లో కొమ్మ పుటుక్కున విరిగి, నీళ్లలో కొట్టుకుపోయి, ఆగిన చోట వేరు పోసుకుంటుంది. కింద ఎంత కష్టపడి కొట్టేసినా పైన చెట్టుంటే మళ్లీ మొదటికే. ప్లాస్టిక్ కూడా అంతే. వీధి కాలువల్లోని వాన నీళ్లు మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్లవు, చాలావరకు తిన్నగా వాగులోకే దిగుతాయి. వరద తీశాక చెట్ల కొమ్మలకు వేలాడే సంచులు చూస్తే నీళ్లు ఏ ఎత్తుకు వచ్చాయో కొలుచుకోవచ్చు. మరికొందరు వాలంటీర్లు వాటర్‌వాచ్ కార్యక్రమం కింద నీళ్ల మడ్డి, ఉప్పు కొలుస్తారు. రాళ్ల కింద ఏ పురుగులు బతికున్నాయో చూసి రాసుకుంటారు.

ఇప్పుడు టెన్షన్ అంతా ఉత్తరాన. క్రెయిగీబర్న్, డానీబ్రూక్, వాలన్ వైపు, వాగు పుట్టే దిక్కున, పచ్చిక మైదానాల్లో కొత్త కాలనీలు లేస్తున్నాయి. అక్కడ వేసే ప్రతి కప్పు, ప్రతి రోడ్డు మీది నీళ్లూ కింద వాగు ఒడ్డున ఉన్న కోబర్గ్, నార్త్‌కోట్ శివార్ల మీదుగానే దిగాలి. కింద నాటిన మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు ఇప్పుడు పైన వచ్చే లేఅవుట్ల ప్లాన్లు చదివి, అభ్యంతరాలు రాసి పంపుతున్నారు.