ఇనుము అతివాహకాల్లో జాలకం వాటా: మలుపు తిప్పింది 2017 కొలతే

అతివాహకాలంటే నిరోధమే లేకుండా విద్యుత్తును మోసే పదార్థాలు; వాటిలో ఎలక్ట్రాన్లు జంట కట్టడం వల్లే ఇది సాధ్యం. ఇనుము ఆధారిత అతివాహకాల్లో ఈ జంట కట్టడంలో స్ఫటిక జాలకానికి, అంటే పరమాణువుల క్రమబద్ధమైన అమరికకు, వాటా ఉందా, లేక అంతా స్పిన్‌ల (ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణం) పనేనా? ఈ వాదన మళ్లీ మొదటికొచ్చింది. 2008లో ఈ అతివాహకాలు వెలుగులోకి వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ వెంటనే వేసిన లెక్కల్లో ఎలక్ట్రాన్–ఫోనాన్ బంధం (ఎలక్ట్రాన్లకూ, ఫోనాన్లనే జాలక కంపనాలకూ మధ్య బంధం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య) 0.2 దగ్గరే, అంటే బలహీనంగా తేలడంతో చాలామంది జాలకాన్ని పక్కన పెట్టేశారు.

పంప్–ప్రోబ్ ప్రయోగాలూ ఆ మాటకే వంత పాడాయి. ఐరన్ సెలినైడ్‌లో 2012లో వచ్చిన విలువ 0.16. లేజర్ పల్స్‌తో ఎలక్ట్రాన్లను వేడెక్కించి, అవి ఎంత వేగంగా చల్లబడుతున్నాయో పరావర్తనంలో చూడటం ఈ పద్ధతి. అయితే ఆ వేగం నేరుగా బంధాన్ని చెప్పదు. బంధాన్ని ఫోనాన్ పౌనఃపున్య వర్గంతో గుణిస్తే వచ్చే విలువనే చెబుతుంది. ఏ ఫోనాన్‌తో భాగించాలో ప్రయోగం చేసేవారే ఎంచుకోవాలి. ఎలక్ట్రాన్లన్నీ ముందే ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేశాయనీ అనుకోవాలి. ఇన్ని ఊహల మీద నిలిచిన సంఖ్యను తీర్పుగా తీసుకోవడం తొందరపాటు.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, స్లాక్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈ ఊహల అవసరం లేకుండా చేశారు. ఐరన్ సెలినైడ్‌పై లేజర్ పల్స్ పడగానే సెలీనియం పరమాణువులు 5.3 టెరాహెర్ట్జ్ (సెకనుకు 5.3 లక్షల కోట్ల సార్లు) వద్ద ఊగుతాయి. అవి ఎంత జరిగాయో ఎక్స్-రే లేజర్‌తో, శక్తి పట్టీలు (ఎలక్ట్రాన్లకు వీలైన శక్తి స్థాయిల శ్రేణులు) ఎంత కదిలాయో ఫోటోఎమిషన్‌తో, అంటే కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తీసి వాటి శక్తిని చూసే పద్ధతితో, కొలిచారు. పట్టీ కదలికను పరమాణువుల జరుగుడుతో భాగిస్తే డిఫార్మేషన్ పొటెన్షియల్, అంటే పరమాణువు కొంత జరిగితే పట్టీ శక్తి ఎంత మారుతుందనే విలువ, వచ్చేస్తుంది. అది మామూలు డెన్సిటీ ఫంక్షనల్ లెక్క (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని ఉజ్జాయింపుగానే తీసుకునే కంప్యూటర్ లెక్క) కంటే ఎక్కువగా ఉంది, ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని కలిపిన లెక్కతో సరిపోయింది. అంటే ఆ ప్రభావమే జాలక బంధాన్ని పెంచుతోంది.

చెప్పినంత తేలిక కాదు. ఒక ఊగుడుకు పట్టేది 189 ఫెమ్టోసెకన్లు (ఫెమ్టోసెకను అంటే సెకనులో పది లక్షల కోట్ల వంతులో వెయ్యో వంతు). పల్స్ అందులో సగం దాటితే కదలిక మసకబారుతుంది. వేడెక్కించే పంప్ పల్స్‌కూ, కొలిచే ప్రోబ్ పల్స్‌కూ మధ్య ఆలస్యాన్ని మార్చే అద్దం 1 మైక్రాన్ జరిగినా చాలు, 6.7 ఫెమ్టోసెకన్ల తేడా వస్తుంది. పోనీ పల్స్‌ను కుదిద్దామంటే, 50 ఫెమ్టోసెకన్ల పల్స్ శక్తిలో కనీసం 36 మిల్లీఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పు ఉంటుంది. పట్టీ కదలిక అంతకంటే చాలా చిన్నది కాబట్టి శిఖరం మధ్యబిందువును వెంబడించాలి. ఫోటోఎమిషన్ పైపైన కొన్ని నానోమీటర్లే చూస్తుంది, ఎక్స్-రే లోతుకు దిగుతుంది. నమూనా పలుచగా లేకపోతే రెండు వేర్వేరు ఉద్దీపనల ఫలితాలను భాగించినట్టవుతుంది. నమూనాపై పంప్ పల్స్ పడే మచ్చ ప్రోబ్ పల్స్ పడే మచ్చ కంటే పెద్దగా లేకపోయినా అంతే.

జాలకానికి పెద్ద వాటా లేదనే అవతలి పక్షం రెండు మాటలు అంటుంది. ఇది ఒక్క ఫోనాన్ కథ, జంట కట్టడానికి అన్ని ఫోనాన్‌ల మొత్తం కావాలి. ఇది న్యాయమైన అభ్యంతరమే. రెండోది, 2015లో బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో ఇలాగే భాగిస్తే ఆంగ్‌స్ట్రామ్‌కు 1.0–1.5 ఎలక్ట్రాన్ వోల్టులే వచ్చి, సిద్ధాంతానికి దగ్గరగా ఉంది. కానీ అక్కడ తీసుకున్నది మొత్తం రసాయన పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లు నిండే శక్తి మట్టం) కదలికను, విడివిడి పట్టీలను కాదు. పైగా, ఇనుము పొర నుంచి ఆర్సెనిక్ ఎత్తు మారినప్పుడు ఇనుము అయస్కాంత భ్రామకం (అయస్కాంత బలం) తాత్కాలికంగా పెరుగుతుందని సూచించింది కూడా ఆ ప్రయోగమే.