ముడత పుట్టేది దండెం మీదే

శ్రీకాకుళంలో మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. మొన్న ఎండాకాలంలో, డాబా మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండి అప్పడాల్లా పెళపెళలాడుతున్న చొక్కాలను మూటగట్టి అక్కడికి తీసుకెళ్లాను. పెద్దాయన ఒకటి తీసి చూసి మొహం చిట్లించాడు. "ఏటి బావూ, ఇంతలాగ ఎండగట్టేసి తెస్తే నానేటి సేత్తాను? సెమ్మ ఉంటేనే గదా బట్ట మాట ఇంటాది!" అంటూ చెంబులోని నీళ్లు చేత్తో చిలకరించి, చొక్కాలన్నీ గట్టిగా చుట్టలు చుట్టి ఓ పక్కన పెట్టేశాడు. అరగంట ఆగి రమ్మన్నాడు.

ఇస్త్రీలో సగం పని ఆ అరగంటలోనే, పెట్టె తగలకముందే అయిపోతుంది. ఎలాగో చెప్పాలంటే నూలుపోగు లోపలికి వెళ్లాలి.

నూలు బట్ట దాదాపు మొత్తం సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో వరసగా అతుక్కుంటే తయారయ్యే పొడవాటి గొలుసు అది. అలాంటి గొలుసులను పక్కపక్కన పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. ఒక్కో బంధం బలం అంతంతమాత్రమే కానీ, లెక్కలేనన్ని కలిసేసరికి గడ్డిపరకలతో పేనిన మోకులా పట్టేస్తాయి. బట్ట తడిస్తే నీటి అణువులు ఈ గొలుసుల సందుల్లో దూరతాయి. గొలుసులు ఒకదాన్నొకటి వదిలేసి నీటిని పట్టుకుంటాయి, కాబట్టి అటూ ఇటూ జారగలుగుతాయి. ఆరేటప్పుడు నీరు జారుకుంటుంది, గొలుసుల మధ్య మళ్లీ బంధాలు పడతాయి. అవి ఆ సమయానికి బట్ట ఎలా ఉందో అలాగే పడతాయి. ఉండచుట్టి ఎండిన బట్ట ఉండనే గుర్తుపెట్టుకుంటుంది.

పొడి సెల్యులోజ్ మెత్తబడాలంటే 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అంత వేడికి బట్ట మాడిపోతుంది. కాస్త చెమ్మ తగిలితే ఆ మెత్తబడే హద్దు ఎంతో కిందికి దిగుతుంది. పెద్దాయన చుట్ట చుట్టి ఉంచింది, చిలకరించిన చుక్కలు ప్రతి పోగుకూ సమంగా పాకడానికే. ఆ తర్వాత పెట్టె బరువు బట్టను సాపు చేస్తుంది, వేడి నీటిని తరిమి కొత్త బంధాలు పడేలా చేస్తుంది. 'ఇస్త్రీ' అనే మాటే సాగదీయడం అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చిందంటారు. మన దగ్గరికొచ్చి అది వేడికి పర్యాయపదమైపోయింది గానీ, అసలు సంగతి సాగదీయడంలోనే ఉంది.

ఇదంతా తెలిశాక నేను మానుకున్న మొదటి పని, వాషింగ్ మెషిన్ ఆగాక బట్టలను అందులోనే వదిలేసి టిఫినుకు కూర్చోవడం. మెషిన్ గిర్రున తిప్పి, ఒకదానిమీదొకటి అదిమిపెట్టి వదిలిన ఆ ముద్దలోనే ముడతలు కుదురుకోవడం మొదలవుతుంది. ఆగిన వెంటనే తీసి, ఒక్కో చొక్కానీ రెండుసార్లు గట్టిగా విదిలించి, కాలరూ గుండీల పట్టీ చేత్తో లాగి, హ్యాంగరుకు తగిలిస్తే చాలు. తడిబట్ట తన బరువుతో తనే సాగుతుంది. భూమ్యాకర్షణకు కరెంటు బిల్లు రాదు. మా చిన్నప్పుడు అమ్మా పిన్నీ నేత చీరను పూర్తిగా ఆరకముందే దండెం మీంచి తీసి, చెరో అంచూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడి లాగి మడతపెట్టేవారు. ఆ చీర కింద నుంచి పరిగెత్తడం మా ఆట, తిట్లు తినడం దాని ఫలం. వాళ్లు చేసిందీ ఇస్త్రీయే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఐదు నిమిషాలు ఆగకుండా వేడెక్కినా 0.08 యూనిట్ అవుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే చొక్కాకు అర్ధరూపాయి. కాబట్టి 'కరెంటు ఆదా' అని మరీ గుండెలు బాదుకోనక్కర్లేదు. కానీ తొందరలో తడి చొక్కా మీదే పెట్టె రుద్దేవాళ్లున్నారు, ఆఫీసు రోజుల్లో నేనూ రుద్దాను. ఆ చొక్కాలో 100 గ్రాముల నీరుందనుకుంటే, దాన్ని ఆవిరి చేయడానికి సుమారు 2,26,000 జౌల్స్ శక్తి కావాలి. అదే పెట్టె దాదాపు నాలుగు నిమిషాల పాటు పూర్తి వేడి ఇస్తే తప్ప రాదు. అన్ని నిమిషాలూ మన చెయ్యి పడుతున్న శ్రమతో ఉత్త నీళ్లు కాచినట్టే. ఆ పని ఎండకు వదిలి, చివరి చెమ్మ మిగిలి ఉండగా దండెం మీంచి తీయడమే కిటుకు. అన్నట్టు, ఇస్త్రీ అయిన చొక్కాను వేడి మీదే తొడుక్కుంటే మోచేతి దగ్గర అప్పుడే నలుగుతుంది. చెమ్మ ఇంకా పూర్తిగా పోక, కొత్త బంధాలు కుదురుకోకపోవడమే కారణం. ఐదు నిమిషాలు తగిలించి ఉంచితే మాట నిలబెట్టుకుంటుంది.

కరెంటు అసలే లేకపోతే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అక్కడ మా పెద్దత్త ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగు తుడిచి, చొక్కా మీద తిప్పింది. కాలరు దగ్గర కొంచెం వంకర పోయింది గానీ మిగతాదంతా అద్దంలా వచ్చింది. ప్యాంటును తడిచేత్తో తడిమి, మడత సరిచేసి, పరుపు కింద పెట్టుకుని పడుకోవడం ఇంకా చవక. బరువు ఉంది, ఒంటి వెచ్చదనం ఉంది, రాత్రంతా టైముంది. వేడి తక్కువైన లోటును గంటలు పూడుస్తాయి.

పాలిస్టర్ తీరు వేరు. అది నీటిని దాదాపు పీల్చుకోదు. గాలిలో 65 శాతం తేమ ఉన్నప్పుడు నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా నీటిని పట్టుకుంటే, పాలిస్టర్ పట్టేది అర శాతం లోపే. దాన్ని మెత్తబరిచేది వేడి, అదీ 70, 80 డిగ్రీల దగ్గర. మరిగే నీళ్లలో ఉతికి, నలిగి ఉండగానే చల్లారనిస్తే ఆ ముడతలు మొండికేస్తాయి. చన్నీళ్లలో ఉతికి విదిలించి ఆరేస్తే చాలావాటికి ఇస్త్రీయే అక్కర్లేదు. కాలరు లోపలి పట్టీ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండైతే 150, మూడైతే 200 మించొద్దని అర్థం. పెట్టె వేడెక్కుతూండగా ఒక చుక్క బట్టలు, చివర్లో నూలువి చేస్తే ఎదురుచూపూ ఉండదు, కాలడమూ ఉండదు.

నూలునే ముడత పడకుండా చేసిన ఘనత అమెరికా రసాయన శాస్త్రవేత్త రూత్ బెనెరిటోకు చాలామటుకు దక్కుతుంది. న్యూ ఆర్లీన్స్‌లోని ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలలో ఆమె బృందం సెల్యులోజ్ గొలుసుల మధ్య నీటికి లొంగని అడ్డుకట్లు వేసే పద్ధతులను 1950ల నుంచి వృద్ధి చేసింది. 'రింకిల్ ఫ్రీ' చొక్కాల వెనకున్నది ఆ రసాయనమే. దాంతో పోగు కొంత పెళుసుబారుతుంది, బట్ట ఆయుష్షు తగ్గుతుంది. ఖరీదు చూస్తే, నా మటుకు నాకు రెండు విదిలింపులే మేలు.

మన జిల్లా పొందూరు ఖద్దరుకు మాత్రం ఈ దారులేవీ సరిపోవు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన సన్న నూలు అది. గంజి పెట్టకపోతే పంచె మధ్యాహ్నానికే వాలిపోతుంది. గంజీ గ్లూకోజ్ గొలుసే, పత్తీ గ్లూకోజ్ గొలుసే, తగిలించిన తీరే తేడా. అందుకే రెండూ చుట్టాల్లా అతుక్కుపోతాయి, పోగు చుట్టూ పల్చని పొర ఏర్పడి బట్ట నిటారుగా నిలబడుతుంది. కుక్కర్లొచ్చాక అన్నం వార్చడం మానేశాం కాబట్టి ఇప్పుడు గంజి పొడి కొంటున్నాం, ఇదొక వింత ఖర్చు. వానాకాలంలో గంజి బట్టలు బీరువాలో దాచొద్దు. పిండిపదార్థం బూజుకూ పురుగులకూ విందు.

నా దండెం తెలివితేటల వల్ల వేపచెట్టు కిందకు వెళ్లే జతలు సగానికి సగం తగ్గాయి. పెద్దాయన పసిగట్టాడు, ఏమీ అనలేదు. పోయిన వారం గంజి పెట్టిన పొందూరు పంచెను నేనే ఇంట్లో ఇస్త్రీ చేయబోయి, అంచు వంకర తిప్పి, చివరికి ఆయన దగ్గరికే పట్టుకెళ్లాను. వేళ్లతో ఒకసారి తడిమి, చెంబు అందుకున్నాడు. "దీన్ని నాకొగ్గీ బావూ" అన్నాడు.