ఓమ్స్ ఎక్కువైతే సౌండ్ బాగుంటుందా? స్టూడియో హెడ్‌ఫోన్ల మీద అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో నాది చిన్న రికార్డింగ్ స్టూడియో. ఎక్కువగా జానపదాలు చేస్తాం. బతుకమ్మకు ముందు రెండు నెలలు ఊపిరి సలపదు. పాడడానికి వచ్చినవాళ్లు బూత్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అడిగే మాట ఒకటే: "అన్నా, గిది మస్తుగున్నది. ఇంట్ల పాటలు వినెతందుకు నేను గూడ కొనుక్కోవచ్చా?" కొనుక్కోవచ్చు. కాకపోతే కొనేవాళ్లలో చాలామంది ఒకే పొరపాటుతో డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం పరకాల వైపు నుంచి ఒక తమ్ముడు డబ్బా పట్టుకొని వచ్చాడు. నెలల తరబడి దాచుకున్న డబ్బుతో ఆన్‌లైన్‌లో 250 ఓమ్స్ స్టూడియో హెడ్‌ఫోన్ తెప్పించుకున్నాడు. ఫోన్‌కు పెట్టి సౌండ్ మొత్తం పెంచినా, ఎవరో పక్క వీధిలో పాడుతున్నట్టు వినిపిస్తోంది. పాడైందేమోనని ఒక రిపేర్ షాపులో ఇస్తే, వాళ్లు ఒక కప్పు ఊడదీసి చూసి కాయిల్ (లోపల సౌండ్ పుట్టించే తీగచుట్ట) పోయిందన్నారట. "పైసలన్నీ మునిగినట్టేనా అన్నా?" అని అడుగుతుంటే గొంతు వణికింది. దాన్ని నా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకులు, హెడ్‌ఫోన్లు కంప్యూటర్‌కు కలిపే డబ్బా) పెట్టి, ముందురోజు రికార్డ్ చేసిన డప్పు ట్రాక్ వినిపించాను. చిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ దేనికది విడిగా వినిపించింది. హెడ్‌ఫోన్‌కు ఏమీ కాలేదు. దాన్ని నడిపే సత్తువ ఆ ఫోన్‌కు లేదు, అంతే.

అపోహ: ఓమ్స్ ఎంత ఎక్కువుంటే సౌండ్ అంత గొప్ప.

ఈ ఒక్క పుకారు నాకు తెలిసిన పిల్లల జేబులకు పెట్టిన చిల్లు ఇంకేదీ పెట్టలేదు. కాయిల్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్కే ఓమ్స్. ఒకే వోల్టేజి ఇస్తే, 32 ఓమ్స్ కాయిల్ తీసుకునే పవర్‌లో ఎనిమిదో వంతే 250 ఓమ్స్ కాయిల్ తీసుకుంటుంది. రెండింటి సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత సౌండ్ వస్తుందో చెప్పే లెక్క) సమానమైతే సౌండ్ దాదాపు 9 డెసిబెల్స్ తగ్గుతుంది. మరి అంత ఓమ్స్‌తో ఎందుకు తయారుచేస్తారు? స్టూడియోలో ఒక్క ఆంప్ (సౌండ్‌కు పవర్ పెంచే పెట్టె) నుంచి నలుగురైదుగురికి హెడ్‌ఫోన్లు పంచుతాం. ఓమ్స్ ఎక్కువుంటే ఆంప్ మీద భారం పడదు. సన్న తీగ చుట్టడం వల్ల కాయిల్ కొంచెం తేలికవుతుందన్న మాట నిజమే. కానీ ఆ కాస్త తేడా కోసం ఫోన్‌కు పెట్టుకునేవాడు తిప్పలు పడనక్కరలేదు. ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. లక్ష రూపాయల దాకా పలికే ఆడీజ్ ఎల్‌సీడీ-ఎక్స్ 20 ఓమ్స్ మాత్రమే. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్స్‌లలో దొరుకుతుంది. ఫోన్, ల్యాప్‌టాప్‌లకైతే 32 కానీ 80 కానీ తీసుకోండి. ఓమ్స్ పక్కనే సెన్సిటివిటీ అంకె కూడా ఉంటుంది, దాన్నీ చదవండి. ఆ రెండూ కలిపి చూస్తేనే ఫోన్ నడపగలదో లేదో తెలుస్తుంది.

"ఆంప్ కొంటే సరిపోతుంది కదా" అంటారు. సరిపోతుంది. కానీ టేబుల్ మీద పెట్టే ఆంప్ అయితే దాని దగ్గరే కూర్చుని వినాలి. కాజీపేటలో రైలెక్కి రోజూ హైదరాబాద్ పోయి వచ్చే మనిషికి అది ఎట్లా కుదురుతుంది?

ఆ తమ్ముడి హెడ్‌ఫోన్ నేను తీసుకొని, నా దగ్గరున్న సోనీ ఎండీఆర్-7506లలో ఒకటి ఇచ్చాను. 1991 నుంచి తయారవుతున్న మోడల్ అది, 63 ఓమ్స్. అతని ఫోన్‌కు పెడితే సగం సౌండ్‌కే సరిపోయింది.

ఇంకో చిన్న మోసం కన్వర్టర్ దగ్గర ఉంది. ఇప్పుడు చాలా ఫోన్లకు 3.5 ఎంఎం జాక్ లేదు. రోడ్డు పక్క దొరికే చవక టైప్-సీ కన్వర్టర్లలో కొన్నింటిలో డ్యాక్ (ఫోన్‌లోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిప్) ఉండదు, అవి చాలా ఫోన్లలో అసలు పలకవు. డ్యాక్ ఉన్నదే అడిగి తీసుకోండి.

అపోహ: స్టూడియో హెడ్‌ఫోన్ అంటే ఫ్లాట్, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది.

ఏ రెండూ ఒకేలా పలకవు. నా 7506లో "స", "ష" అక్షరాలు కొంచెం గుచ్చుకుంటాయి. పాటలో తప్పులు పట్టడానికి నాకది పనికొస్తుంది, రాత్రి పడుకొని పాత పాటలు వినేవారికి చిరాకు పుట్టించవచ్చు. ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ అనే పరిశోధకుడి బృందం చేసిన పరిశోధనల్లో, మంచి గదిలో మంచి స్పీకర్లు వింటున్నట్టు, బేస్ కాస్త నిండుగా ఉండే హెడ్‌ఫోన్లే ఎక్కువమందికి నచ్చాయి. కాబట్టి మీకు బేస్ ఇష్టమైతే అందులో సిగ్గుపడేదేమీ లేదు.

డబ్బా మీద 40,000 హెర్ట్జ్ (ఎంత సన్నటి, కీచు సౌండ్ దాకా పలుకుతుందో చెప్పే అంకె) అని రాసి ఉంటే పట్టించుకోకండి, మనిషి చెవి 20,000 దగ్గరే ఆగుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. వంద గంటలు పాటలు మోగిస్తే సౌండ్ మారిపోతుందన్నది కూడా వదిలేయండి. మారేది ఎక్కువగా మన అలవాటు, కొంత ఇయర్‌ప్యాడ్ మెత్తబడడం.

కొంటే కలిగే అసలు లాభం గురించి ఎవరూ మాట్లాడరు. ప్యాడ్లు చినిగితే ప్యాడ్లే మార్చుకోవచ్చు, చచ్చే బ్యాటరీ లేదు, నా దగ్గర పదేళ్లకు పైగా నడిచినవి ఉన్నాయి. ఇబ్బందులూ ఉన్నాయి. వైరుకు మైక్ ఉండదు కాబట్టి, మాట్లాడాలంటే ఫోన్‌నే నోటి దగ్గర పెట్టుకోవాలి. వైరు కొన్నింటికి మూడు మీటర్లు ఉంటుంది. మన మే నెల ఎండల్లో క్లోజ్డ్ (కప్పు వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవుల చుట్టూ చెమట కారుతుంది. ఓపెన్ బ్యాక్ (వెనక గాలి ఆడేలా తెరిచి ఉండేది) చల్లగానే ఉంటుంది, కానీ మీ పాట ఇంటిల్లిపాదికీ వినబడుతుంది.

మొన్న ఒకమ్మ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. స్టూడియోది పవర్ ఎక్కువట, చెవులు పోతాయా అని ఆమె భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ఆ అబ్బాయి రోజుకు ఐదారు గంటలు వింటున్నాడు. చెవికి చేటు చేసేది సౌండ్, విన్న సమయం. హెడ్‌ఫోన్ రకం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకైతే అవే 40 గంటలు 75 డెసిబెల్స్ దగ్గర. సౌండ్ మూడు డెసిబెల్స్ పెరిగితే వినదగ్గ సమయం సగమవుతుంది. బయటి మోతను ఆపే క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌తో తక్కువ సౌండ్‌కే పాట స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి నిజానికి అది మేలే చేయగలదు. అబ్బాయి రోజూ వినే సౌండ్ మార్చకుండా హెడ్‌ఫోన్‌ను ఆ అమ్మ చెవులకే పెట్టాను. రెండు సెకన్లలో తీసేసి, "ఇంత మోత పెట్టుకుంటున్నవా బిడ్డా?" అంది. వాడు అక్కడే ఫోన్ తీసుకొని నాలుగు గీతలు తగ్గించాడు.