ఫాస్టస్‌ను పడగొట్టింది గర్వమేనా?

దయ్యానికి ఆత్మను అమ్ముకున్న పండితుడి కథ, క్రిస్టఫర్ మార్లో రాసిన నాటకం 'డాక్టర్ ఫాస్టస్'. దాని గురించి ఇంగ్లిష్ ఎం.ఏ. విద్యార్థిని అడిగితే, ఫాస్టస్ గర్వం వల్ల చెడిపోయాడని ఠక్కున చెబుతాడు. తప్పేమీ కాదు. మైనపు రెక్కలతో ఎగిరి కూలిన ఇకారస్‌ను నాటకం మొదట్లోనే కోరస్, అంటే కథను పరిచయం చేసే పాత్ర, గుర్తు చేస్తుంది. కానీ ఆ జవాబుతో కథ అయిపోదు.

విషాద నాటకాల గురించి రాస్తూ గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ మాట్లాడింది హీరో చేసే పొరపాటు గురించి, పాపం గురించి కాదు. గర్వాన్ని పాపాలన్నిటికీ పెద్దగా నిలబెట్టింది మధ్యయుగ క్రైస్తవం. దేవుడిపై తిరగబడి స్వర్గం నుంచి పడిన లూసిఫర్ దానికి ఉదాహరణ. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆడిన నీతి నాటకాల్లో మంచి దూత, చెడ్డ దూత ఒక మనిషి కోసం పోటీ పడేవారు. ఎంత చెడినా చివర్లో అతనికి సాధారణంగా క్షమాపణ దొరికేది. మార్లో ఆ దూతలిద్దరినీ ఉంచాడు, ఏడు మహాపాపాల ఊరేగింపునూ ఉంచాడు. క్షమాపణ మాత్రం ఇవ్వలేదు.

కథ జర్మనీది. ఫాస్ట్ పేరుతో తిరిగిన ఓ మాంత్రికుడి గురించిన వదంతులను పోగుచేసి 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుస్తకంగా అచ్చేశారు. చదువరులను భయపెట్టి దారిలో పెట్టడం దాని ఉద్దేశం. దాని ఇంగ్లిష్ అనువాదమే మార్లో నాటకానికి ఆధారం. మార్లో కాంటర్‌బరీలో చెప్పులు కుట్టే కుటుంబంలో 1564లో పుట్టాడు, స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జ్‌లో చదివాడు. ఫాస్టస్‌ను కూడా పేదింట పుట్టి చదువుతో పైకొచ్చినవాడిగానే చూపించాడు. పుట్టుకతో రాజైనవాడి గర్వం వేరు, ఇది వేరు.

నాకు నాటకం మొత్తంలో ఆసక్తిగా అనిపించేది మొదటి సీనే. ఫాస్టస్ తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం ఒక్కొక్కటే పక్కన పడేసి బైబిల్ తెరుస్తాడు. ఒక వాక్యాన్ని పాపానికి ఫలితం మరణం అన్నంత వరకే చదువుతాడు. దేవుడిచ్చే వరం నిత్యజీవమని అదే వాక్యంలో తర్వాత ఉంది, అది చదవడు. అన్నీ తెలుసనుకునే పండితుడు సగం వాక్యం దగ్గరే ఆగిపోతాడు. తర్వాత లూసిఫర్ ఎందుకు పడిపోయాడని, తను పిలిపించిన దయ్యం మెఫిస్టాఫిలిస్‌ను తనే అడుగుతాడు. గర్వం వల్లనే అని దయ్యం నిజమే చెబుతుంది. అయినా ఆత్మను అమ్మే ఒప్పందంపై రక్తంతో సంతకం చేసేస్తాడు. ఆత్మను అమ్మి కొన్న 24 ఏళ్లలో చేసిందేమిటంటే పోప్‌ను ఆటపట్టించడం, గర్భిణి అయిన ఓ రాజవంశపు స్త్రీకి చలికాలంలో ద్రాక్షపళ్లు తెప్పించడం లాంటివి. ఇంతోటి దానికా అనిపిస్తుంది.

చివరి గంటలో అతన్ని పట్టుకున్నది మాత్రం గర్వం కాదు, నిరాశ. తనకిక క్షమాపణ లేదని గట్టిగా నమ్మేస్తాడు. ఎవరు మోక్షం పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న కాల్విన్ మతం ఆనాడు కేంబ్రిడ్జ్‌లో బలంగా ఉండేది. అది నిజమైతే ఫాస్టస్ పశ్చాత్తాపపడినా లాభముందా?

దీనికి మార్లో జవాబు చెప్పలేదు. 1593 మేలో డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకు చనిపోయాడు, అప్పటికి వయసు 29. నాటకం అచ్చయింది 1604లో. అంతకుముందే 1602లో నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో కొత్త సీన్లు చేర్చడానికి ఇద్దరు రచయితలకు 4 పౌండ్లు ఇచ్చాడు. 1616లో మరింత పొడవైన ప్రతి వచ్చింది. మంచి దూత మాట 1604 ప్రతిలో 'ఫాస్టస్ పశ్చాత్తాపపడగలిగితే' అని ఉంది, 1616లో 'పశ్చాత్తాపపడతానంటే' అని మారింది. మొదటి దాంట్లో అది అతని చేతిలో ఉందో లేదో తెలియదు, రెండో దాంట్లో తప్పంతా అతనిదే. గర్వం వల్లే చెడ్డాడనే జవాబుకు రెండో ప్రతి బాగా కలిసొస్తుంది. 1950లో ఈ రెంటినీ పక్కపక్కన అచ్చేసిన పండితుడు గ్రెగ్ 1616 ప్రతి వైపే మొగ్గాడు. ఇప్పటి సంపాదకుల్లో ఎక్కువమంది 1604 ప్రతినే నమ్ముతున్నారు.